బోర్లించిన బక్కెట్టు

"ఇది వైన్ కాదు. ద్రాక్ష రసం!" అంటూ కొత్త మేనేజరు సీసాని స్టీలు బల్ల మీద పెట్టాడు. కోపంతో అతని చెయ్యి ఎంత వణికిందంటే, సీసా అడుగు బల్లకి తగిలి టకటకలాడింది.

హోటల్ వంటగది మొత్తం చేతిలో పని వదిలేసి అటు చూసింది. చూడనిది గ్రిల్ మాస్టర్ ఒక్కడే. ఆ సీసా అతని పొయ్యి పక్క అరలోది. నేరం ఎవరి నెత్తిన పడబోతోందో తెలుసుకోవడానికి అతనికి జ్యోతిష్యం అక్కర్లేదు.

"సాసులో పొయ్యమని ఇస్తే, తాగిందంతా తాగి, రసం పోసి మూత పెట్టావు. ఇదొక్కటేనా! మొన్నటిదీ ఇంతే, నిన్నటిదీ ఇంతే. అరలో మూడు సీసాలుంటే మూడూ రసమే!"

"నేను తాగలేదు సార్."

"తాగుడు మాన్పించుకోవడానికి నెల రోజులు ఆసుపత్రిలో ఉండొచ్చినవాడివి. నువ్వు కాక ఇంకెవరు తాగుతారు?"

ఆ మాట కాలిన చోటే మళ్లీ కాలినట్టు తగిలింది. మానేసి ఇవాళ్టికి తొంభై ఒకటో రోజు. ఈ ఉద్యోగం పోతే తొంభై రెండో రోజు ఎలా గడుస్తుందో అతనికి బాగా తెలుసు.

"ఏప్రన్ విప్పి అక్కడ పెట్టి వెళ్లు."

"విప్పకు," అంది వెనక నుంచి పెద్దక్క.

ఆ వంటగదికి పెద్ద ఆమే. మనిషి నాలుగున్నర అడుగులే గానీ, ఆమె గరిట ఎత్తిందంటే పొయ్యిలో మంట కూడా తగ్గుతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి మేనేజరుకి ఎదురుగా నిలబడింది.

"రసం పోసింది నేను. కాస్త వెనిగర్ కూడా కలిపాను. వీడు తిరిగి పనిలోకొచ్చిన రోజు నుంచీ, స్టోరు నుంచి సీసాలు రాగానే సింకులో పారబోస్తున్నాను."

"నీకేమైనా మతి పోయిందా?"

"మతి ఉండబట్టే చేశాను. మానేసినవాడి ముక్కు కింద రోజంతా సీసా పెట్టి, 'రెండు గరిటెలు పొయ్యి, నువ్వు మాత్రం ముట్టుకోకు' అనడానికి నాకు నోరు రాలేదు. అలాంటివాళ్లు ఇక్కడ ముగ్గురున్నారు. ముగ్గురూ నావాళ్లే."

గ్రిల్ మాస్టర్ నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. రెండు నెలలుగా తను ముఖం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి పోస్తున్నది ద్రాక్ష రసమా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అక్కా, నా కోసం నువ్వు..."

"నోర్మూసుకో. నీ కోసమని ఎవరన్నారు? సాసు ఇలాగే బాగుంది. ఒక్క ప్లేటైనా వెనక్కొచ్చిందా?"

మేనేజరు వెనక తలుపు వైపు వేలు చూపించాడు. "మరి ఆ వేషాలేంటి? నేనొచ్చి వారం కాలేదు, రోజూ చూస్తున్నాను. పని మధ్యలో ఒకడు వెళ్లి బక్కెట్టు బోర్లించుకుని కూర్చుంటాడు. వెంటనే ఇంకొకడు వెళ్లి పక్కన చేరతాడు. ఇది హోటలా, సత్రమా?"

"మనసు సీసా మీదికి పోయినవాడు బక్కెట్టు బోర్లిస్తాడు. చూసినవాడు వెళ్లి పక్కన కూర్చోవాలి. ఎందుకని అడక్కూడదు. పది నిమిషాల్లో ఇద్దరూ లేచొస్తారు. ఇది మా పద్ధతి."

"ఆ పద్ధతి ఇవాళ్టితో బంద్. వీడితో పాటు నువ్వూ బయటికి నడువు."

పెద్దక్క ఏప్రన్ ముడి విప్పింది. గిన్నెలు కడిగే బాబాయి తడి చేతులతోనే తనదీ విప్పి బల్ల మీద పడేశాడు. కేకులు చేసే అమ్మాయి విప్పింది. తర్వాత మిగతావాళ్లంతా విప్పారు. మధ్యాహ్న భోజనాలకి ఇంకా అరగంటే ఉంది. బయట కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

"పొయ్యిలు వెలిగే ఉన్నాయి. వండుకోండి సార్," అంది పెద్దక్క.

మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అందరూ ఒక్కటై బెదిరిస్తున్నారా?"

"బెదిరింపేం లేదు. పోయేముందు నా సందేహమొకటి తీర్చండి. ఆ సాసు వందల మంది తిన్నారు, ఎవరికీ తెలియలేదు. చేత్తో పోసినవాడికే తెలియలేదు. చూస్తే వైన్ లాగే ఉంటుంది. తాగితే తప్ప తేడా దొరకదు. మీకెలా దొరికింది?"

"తనిఖీ కోసం... ఒక్క చుక్క రుచి చూశాను."

"మొన్నా, నిన్నా, ఇవాళ పొద్దున్నా?"

మేనేజరు చూపు సీసా మీదికి పోయింది. గ్రిల్ మాస్టర్ అప్పుడు మొదటిసారి అతని చేతుల వైపు చూశాడు. ముఖంలో కోపం ఎప్పుడో దిగిపోయింది. చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

గ్రిల్ మాస్టర్ ఏమీ అడగలేదు. వెనక తలుపు దగ్గరికి వెళ్లి, రెండు బక్కెట్లు పక్కపక్కన బోర్లించి, ఒకదాని మీద కూర్చుని రెండోదాన్ని అరచేత్తో తట్టాడు.

"రండి సార్, కూర్చోండి. మొదటి రోజు అందరి చేతులూ ఇలాగే వణుకుతాయి."