చీకటిగా ఉందమ్మా

కరెంటు పోయింది. మరుక్షణమే తలుపు చప్పుడయింది.

"మళ్ళీ వొచ్చినాడు," అంది గ్రేసమ్మ భర్త చార్లెస్‌తో విసుగ్గా.

గుమ్మంలో ఊ ఎజ్రా, అంటే బర్మా మాటలో ఎజ్రా గారు. బర్మాలో, తామ్వే పేటలోని ఆ పాత మేడలో, వాళ్ళ కింద వాటాలో ఒంటరిగా అద్దెకుంటున్న యూదు ముసలాయన.

"మా గదిలో చీకటిగా ఉందమ్మా," అన్నాడు బర్మీస్‌లో.

అంతే. ఇంకేమీ అడగడు.

శుక్రవారం వస్తే ఇదే తంతు. గ్రేసమ్మ దిగి వెళ్ళి ఆయన మంచం పక్కనున్న బ్యాటరీ స్విచ్చి వేసి దీపం వెలిగించాలి. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతాడు.

"మీ చేతులకేమయింది?" అని ఓసారి అడిగేసింది కూడా.

"పొద్దు గూకింది మొదలు రేపు చీకటి పడేదాకా మాకు విశ్రాంతి దినం. దీపం వెలిగించకూడదు. వెలిగించమని ఇంకొకర్ని అడగకూడదు. చీకటిగా ఉందని చెప్పుకోవచ్చు."

గ్రేసమ్మకి ఒళ్ళు మండింది. తనూ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషే. అలాగని స్విచ్చి కోసం జనాన్ని తిప్పుతోందా?

పైగా ఇప్పుడు చార్లెస్‌కి ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ మిషన్ మీదే ఉన్నాడు. కరెంటు పోతే దానికున్న పాత బ్యాటరీ ఎంతోసేపు నిలవదు. ఆ భయంతో ఆమెకి కంటిమీద కునుకు లేదు.

"మీ దేవుణ్ణే వచ్చి స్విచ్చి వేయమనండి!" అని మొహమ్మీదే తలుపేసింది.

ఆ కోపంలోనే ఇంటి ఓనరు నీలకంఠానికి ఫోన్ చేసింది.

"ఆ ముసిలోన్ని కాళీ చేయించు అన్నియ్యా. నాను పడనేను. ఆయనుంటాడో, మేముంటామో తేల్చీ!"

మర్నాడు పొద్దున్నే కింద, ఖాళీ చేయమంటూ నీలకంఠం కేకలు వినిపించాయి.

మధ్యాహ్నం మళ్ళీ కరెంటు పోయింది. కాసేపటికే పాత బ్యాటరీ కూయ్ మని ఆగిపోయింది. చార్లెస్ పెదాలు నల్లబడుతున్నాయి.

గ్రేసమ్మ మెట్లు దిగి ఎజ్రా తలుపు ముందు నిలబడింది. తట్టబోయి చెయ్యి దించేసింది.

ఏ మొహం పెట్టుకుని ఆయన బ్యాటరీ అడగాలి? అడిగినా, శనివారం ఆయన ముట్టుకుంటాడా?

చార్లెస్‌ని ఆసుపత్రికి తీసుకెళ్దామని రోడ్డు మీదికి పరిగెత్తింది. పెట్రోలు కరువుతో ఒక్క టాక్సీ లేదు. ఏడుస్తూ ఎవరెవర్నో బతిమాలి, చివరికి ఒక పికప్ వ్యానుని వెంటబెట్టుకొచ్చింది.

గదిలో అడుగుపెట్టేసరికి మిషన్ తిరుగుతోంది.

"ఏటండీ, కరెంటొచ్చిందా?"

చార్లెస్ మంచం పక్కకి చూపించాడు. అక్కడ ఎజ్రా బ్యాటరీ ఉంది.

"మిషను సప్పుడు ఆగిపోడం కిందనుంచి ఇన్నాడట. ఒగురుస్తా మోసుకొచ్చినాడు. సిచ్చి ఆయనే ఏసినాడు."

"ఈయేల ముట్టకూడదు కదా?"

"నానూ అదే అడిగినాను. పేనం పోతావుంటే ముట్టకపోడమే తప్పంట."

గ్రేసమ్మ వ్యానుని తిప్పి పంపేసింది. వెంటనే కిందికి వెళ్ళాలనుకుంది. మొహం చెల్లలేదు. పొద్దున్నే వెళ్ళి కాళ్ళు పట్టుకుందాం, నీలకంఠానికి తనే సర్దిచెబుదాం అనుకుంది.

ఆదివారం తెల్లవారగానే, తమ ఇంటి వంట ఆయన తినడని, అరటిపళ్ళు పట్టుకుని దిగింది.

నీలకంఠం ఆ వాటాకి తాళం వేస్తున్నాడు.

"ఎజ్రా గారేరీ?"

"రాత్రి సీకటి పడగానే ఎల్లిపోనాడు."

"ఎక్కడికి?"

"సెప్పనేదు. కాళీ చేయించమని నువ్వే కదా అన్నావు?"



"ఆయన బేట్రీ మా ఇంట్లో ఉండిపోనాది అన్నియ్యా. మరిసిపోనాడు..."

"మరిసిపోనేదమ్మా. నానే గేపకం సేసినాను. 'పై ఇంట్లో చీకటిగా ఉంటుంది' అని ఒక్క మాటే అని ఎల్లిపోనాడు."