నలభై ఏళ్ల అచ్చు

“ఇవి తూటాలా, ఎండుద్రాక్షలా అల్లుడూ?” హార్లన్ పకపకా నవ్వాడు.

ఐడహోలోని ఆ గ్యారేజీలో వెండెల్ సీసం కరిగించి పోసిన తూటాలన్నీ ముడతలే. పది నున్నగా వస్తే మామగారి రివాల్వర్ అతనిదని పందెం.

“నలభై ఏళ్లు నా తూటాలు నేనే పోసుకున్న అచ్చయ్యా అది! లోపం నీ చేతిలో ఉంది.”

పెళ్లయి మూడు వారాలైన లొరేన్, మొగుడి ముక్కు మీది మసికి మురిసిపోతూనే, చల్లారిన అచ్చులో గుడ్డ పెట్టి తిప్పింది. గుడ్డంతా జిడ్డు.

“నాన్నా, కొత్త అచ్చుకి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీవాళ్లు పూసే నూనె ఇది, మొదటిసారి వాడేముందే తుడిచేయాలి. ఇదుంటే ముడతలు రాక ఏమొస్తాయి? మరి నలభై ఏళ్లు ఇందులో తూటాలెలా పోశావు?”

హార్లన్ నవ్వు ఆగింది. చేతిలోని రివాల్వర్ బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఊఁ... సీసం ఎంతసేపు కరగాలన్నావ్, అల్లుడూ?”