ముందున్న చెయ్యి

వంతెన దిగుతుంటే వాననీళ్లు నిండిన గుంత కనపడింది. నా వెనకే వస్తున్న పాత కెప్టెన్‌కి అది కనపడదు. వాడికి కనపడేదల్లా నా సైకిల్ వెనక చక్రం.

గుంపుగా తొక్కేటప్పుడు ముందున్నవాళ్లు చెయ్యి కిందికి చాపి గుంత చూపించాలి. మా క్లబ్బులో మొదటి నియమం అదే. నిరుడు ముందున్నది వాడు. ఫోనులో కబుర్లాడుతూ చూపించలేదు. వెనక ఉన్న మా తమ్ముడి మోకాలు ఇప్పటికీ వంగదు.

కెప్టెన్ పని నేను అడిగి మరీ తీసుకున్నది ఇలాంటి రోజు కోసమే. మిగతావాళ్లు ఇంకా వంతెన ఎక్కుతున్నారు. వాడొక్కడే బంకలా అంటుకుని వస్తున్నాడు. ఇన్నాళ్లకు దొరికావురా, పడి చావు అనుకున్నాను.

పాడు అలవాటు! చెయ్యి దానంతటదే హ్యాండిల్ వదిలి కిందికి దిగింది. "గుంత!" అని నోరు కూడా అరిచింది. వాడు తప్పుకున్నాడు.

నీళ్లు తాగడానికి ఆగినచోట నా చేతిని నేనే తిట్టుకుంటుంటే, వాడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఎందుకు చూపించావు చెల్లెమ్మా? ఏడాదిగా నీ వెనకే తొక్కుతున్నా, ఏదో ఒకరోజు చూపించడం మానేస్తావని. నేనూ పడితే లెక్క సరిపోతుంది, కంటినిండా నిద్రైనా పడుతుందని."

వాడి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నా చెయ్యి నాకు మొదటిసారి ముద్దొచ్చింది.

"వచ్చే ఆదివారం కూడా నా వెనకే రండి అన్నా," అన్నాను. "చిన్న రాయి కూడా వదలకుండా చూపిస్తాను."