మరో పదేళ్లు

జిగురు గిన్నె ఒలికింది. ఒలికితే ఒలికింది, సరిగ్గా టీచరమ్మ ప్రసంగం మీదే ఒలికింది.

"కాస్త చూసుకోవద్దా పెద్దాయనా?"

చట్టసభ లైబ్రరీలో, మూలబల్ల దగ్గర చిరిగిన పుస్తకాలు అతికిస్తున్న ముసలాయన గాభరాగా లేచాడు.

"తప్పయిపోయిందమ్మా. మీరు చదవండి. నేను తిరగరాసిస్తాను."

ఇన్నేళ్లయినా, ఆ జిగురు వాసన ఎక్కడ తగిలినా టీచరమ్మకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

బడిలో పాఠాలు చెప్పుకునే ఆమె, అణగారిన వర్గాలకు కేటాయించిన సీటులో గెలిచి సభకు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ సీట్ల గడువు పదేళ్లకోసారి తీరిపోతుంది. మళ్లీ పొడిగించాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. అప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి బిల్లు మర్నాడే సభకు వస్తోంది. మాట్లాడటానికి ఆమెకు దక్కింది మూడే నిమిషాలు.

తడిసిన కాగితాలు పట్టుకుని ఆమె చదువుతుంటే ఆయన రాస్తూ పోయాడు. సగంలో కలం ఆగింది.

"ఒక్క మాట చెప్పొచ్చా?"

"చెప్పండి."

"లెక్కలు బోలెడున్నాయి. మీరే ఎక్కడా లేరు."

టీచరమ్మకు చురుక్కుమంది. పుస్తకాలు అతికించే ఆయనకు ప్రసంగాల సంగతేం తెలుసు?

"రేపు మిమ్మల్ని అడిగేది ఒకటే అమ్మా. ఇంకా ఎన్నాళ్లు అని. ఏం చెబుతారు?"

ఆమె చేతిలోని తడి కాగితాలు బల్ల మీద పెట్టేసింది. తర్వాత, ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పింది.

"మా అమ్మ మున్సిపల్ ఆఫీసు ఊడ్చేది. ఇంటి స్థలం కోసం అర్జీ పట్టుకుని అదే ఆఫీసు గుమ్మం బయట మూడేళ్లు నిలబడింది. తను ఊడ్చిన గదిలోకే తనని రానివ్వలేదు. మావాళ్లలోంచి మొదటిసారి ఒకాయన గెలిచాక, అమ్మని లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేయించాడు. అమ్మ అంచు మీద కూర్చుంది. ఎవరైనా లేవమంటారేమోనని. ఇప్పటికీ ఎక్కడికెళ్లినా అలాగే కూర్చుంటుంది."

ముసలాయన కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో చాలాసేపు తుడిచాడు.

"ఎన్నేళ్లయిందమ్మా ఇది?"

"ముప్పయ్యేళ్లు. నాకప్పుడు ఐదేళ్లు."

"ఇదే చెప్పండి. లెక్కలు అవతలివాళ్ల దగ్గరా ఉంటాయి."

రాసిన కాగితాలు ఆమె చేతికిచ్చాడు.

"అన్నట్టు, రాజ్యాంగంలో మీకో దీర్ఘం జారిపోయింది. దిద్దాను."

పదేళ్లపాటు పిల్లల దీర్ఘాలు దిద్దిన టీచరమ్మకు నవ్వు ఆగలేదు.

మర్నాడు ఆమె లేవగానే ఎదురు బల్లల్లోంచి ఒక గొంతు వినిపించింది.

"ఇంకా ఎన్నాళ్లండీ ఈ ఊతకర్ర?"

"మా అమ్మ కుర్చీలో వెనక్కి వాలేదాకా" అంది టీచరమ్మ. తర్వాత అమ్మ కథ చెప్పింది.

సాయంత్రం ఓటింగు జరిగింది.

బిల్లు నెగ్గింది. మరో పదేళ్లు.

వరండాలో అందరూ ఆమెను చుట్టుముట్టారు. పార్టీ పెద్దలు భుజం తట్టారు. జనం వెనకాల, లైబ్రరీ గుమ్మంలో ముసలాయన నిలబడి ఉన్నాడు. చెయ్యి సగం పైకెత్తి, మళ్లీ దించేసుకున్నాడు.

రేపు కలుద్దాంలే అనుకుంది టీచరమ్మ.

ఆ రేపు నాలుగు నెలలకు గానీ రాలేదు. సమావేశాలు ముగిశాయి, ఊళ్లో పనులు మీద పడ్డాయి. మళ్లీ సభ కూడిన రోజున, ఆయనకిద్దామని ఒక మంచి కలం కొనుక్కుని నేరుగా లైబ్రరీకి వెళ్లింది.

మూలబల్ల ఖాళీగా ఉంది.

"పుస్తకాలు అతికించే తాతగారు రాలేదా?"

"పోయారమ్మా. నెలవుతోంది" అన్నాడు లైబ్రేరియన్.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. అంత సాయం పొందీ పేరైనా అడగలేదు.

"వాళ్లింట్లో వాళ్లకి పింఛనేమైనా వస్తుందా? నేను ఉత్తరం రాస్తాను. మీ ఉద్యోగే కదా?"

లైబ్రేరియన్ ఆమె వంక వింతగా చూశాడు.

"ఉద్యోగి కాదమ్మా. చేతులు ఊరికే ఉంచుకోలేక ఆ పని చేసేవారు. మాజీ సభ్యుడాయన. మూడుసార్లు గెలిచారు. ఆ తర్వాత ఇంకెక్కడా ఏ పార్టీ కూడా టిక్కెట్టివ్వలేదు."

"ఎందుకని?"

"మొట్టమొదట మీ వర్గాలకు సీట్లు కేటాయించేటప్పుడు ఎవరూ తమది వదులుకోవడానికి ఒప్పుకోలేదు" అన్నాడు లైబ్రేరియన్. "నాది రాసుకోండని లేచింది ఆయనొక్కరే. ఇప్పుడు మీరు గెలిచిన సీటు ఆయనదేనమ్మా."