మూడు చక్రాల కారు

ఆగండాగండి, ఎక్కడికండీ ఆ హడావిడి? ఐదంటే ఐదు నిమిషాలు కూర్చుని ఇది వినేసి వెళ్ళండి.

"మళ్ళీ వచ్చారా మాస్టారూ! ఈసారి ఏం విరగ్గొట్టారు?"

బొమ్మ కార్ల కిట్లు అమ్మే షాపావిడ నవ్వాపుకుంటూ అడిగింది. టైలరు జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. లోపల అగ్గిపుల్లలో సగమంత ఇరుసు, రెండు ముక్కలై ఉంది.

"మళ్ళీ ఇరుసేనా? ఇది నాలుగోది! ఇరుసులకి ముందు అద్దం పగిలింది, దానికి ముందు బానెట్ నిండా గమ్ము. పన్నెండేళ్ళ పిల్లలు వారంలో చేసి పడేస్తారండీ ఈ కిట్టు!"

"నాకు కొత్త కదమ్మా."

"కొత్తేలెండి. కానీ మావారి కోటు చిరిగితే మీరు రఫూ చేసిచ్చారు చూడండీ, ఎక్కడ చిరిగిందో ఇప్పటికీ నాకు దొరకలేదు. ఆ చేతులేనా ఇవి?"

"బట్ట వేరు, ఇది వేరు" అన్నాడు టైలరు, కౌంటర్ వైపు చూస్తూ.

ఆవిడకి జాలేసింది. మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది. ముక్కని అది అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ ఫ్రేములోంచి చేత్తో విరవకూడదు, కట్టర్‌తో కొయ్యాలి. అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. గమ్ము పెట్టేముందు ఒకసారి ఉత్తినే అమర్చి చూసుకోవాలి. గమ్మంటే పుల్ల చివర చుక్క, అంతే! రంగు పల్చగా వెయ్యాలి, ఆరాకే ఇంకో పూత.

"తొందరపడ్డారా, అంతా నాశనం."

"నాకేం తొందర్లేదమ్మా."

"మీకు లేకపోతే ఎలాగండీ, పాపం అక్కడ మీ అన్నయ్య..." అని నాలిక్కరుచుకుంది. ఇంకో ఇరుసు వెతికి చేతిలో పెట్టింది.

అన్నయ్య ముప్పై ఏళ్ళు టాక్సీ నడిపాడు. ఒకటే కారు, తెల్లది. దాన్ని అమ్మేసిన రోజు అన్నం ముట్టలేదు. తర్వాత అచ్చం అలాంటిదే, అరచేతిలో పట్టేంత కారు కిట్టు ఒకటి కొనుక్కొచ్చి తమ్ముడి కుట్టుమిషన్ మీద పెట్టాడు.

"ఒరేయ్, ఇంజిను నాది, సీట్లు నీవి. కవర్లు నిజం బట్టతో కుట్టాలి. కుట్టు వంకర పోయిందో, నా బండి ఎక్కనివ్వను!"

"ఎక్కడానికి నా బొటనవేలు కూడా పట్టదు కదరా అందులో!"

నాలిక బయటపెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదకి జారిపోతుంటే, ఒక్క పూటలో ఇంజిను పూర్తి చేశాడు అన్నయ్య. మర్నాడు పొద్దున బాత్రూంలో పడిపోయాడు. తలలో నరం చిట్లింది. రెండు నెలలైంది. ఆస్పత్రి మూడో అంతస్తులో మంచం మీద ఉన్నాడు, మెషిన్ ఊపిరి పోస్తోంది, కళ్ళు మాత్రం తెరవలేదు.

వదినే ఆ డబ్బా తెచ్చి ఇచ్చింది. "మీ అన్న మొదలుపెట్టింది నువ్వు పూర్తి చెయ్యి. చేతిలో పెడదాం."

అప్పట్నుంచీ ఇదీ వరస.

టైలరు ఆస్పత్రికి వెళ్ళేసరికి వదిన అన్నయ్య గోళ్ళు కత్తిరిస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"అయిందా?"

"ఇరుసు విరిగింది వదినా."

కత్తెర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

డాక్టరు వచ్చాడు. ఆ వార్డులో అందరికీ కారు సంగతి తెలుసు. "ఎంతవరకూ వచ్చిందండీ?"

"మూడు చక్రాలు."

"అయితే ఇంకొక్కటేగా!" అని, గొంతు తగ్గించాడు. "ఇంక లాగకండి. ఆయన ఒళ్ళు బాగా అలిసిపోయింది. పుళ్ళు కూడా పడుతున్నాయి. ఎంత ఆలస్యమైతే ఆయనకి అంత కష్టం."

డాక్టరు వెళ్ళాక వదిన దుప్పటి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"విన్నావుగా? ఆదివారానికల్లా అయిపోవాలి. పోనీ, మూడు చక్రాలతోనే చేతిలో పెట్టేద్దామా?"

"వద్దు!" టైలరు అరిచిన అరుపుకి నర్సు తొంగి చూసింది. "మూడు చక్రాల మీద అన్నయ్య ఏనాడైనా బండి తీశాడా వదినా?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలీలేదు.

ఆదివారం పొద్దున్నే కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు టైలరు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టినట్టే ఊపిరి బిగపట్టాడు. ఇరుసు ఒక్కసారికే కూర్చుంది. దాని మీద చక్రం. వేలితో తోస్తే కారు బల్ల మీద తిన్నగా, సున్నితంగా దొర్లింది. వెనక సీటు మీద కుట్లు వెంట్రుకవాసి కూడా వంకర లేవు.

దొర్లుతున్న కారుని అరచేత్తో ఆపేశాడు.

"అయిందా?" గుమ్మంలో వదిన. చేతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళే సంచి.

టైలరు కారు అరచేతిలో పెట్టి చాపాడు.

వదిన దాన్ని బల్ల మీద ఒకసారి అటు దొర్లించింది. ఇటు దొర్లించింది. "అచ్చం మన బండే" అంది. అని, పక్కనున్న కట్టర్ తీసుకుని ఇరుసు టక్కున కత్తిరించేసింది. చక్రం దొర్లుకుంటూ వెళ్ళి గోడకి కొట్టుకుని పడింది.

"అవ్వలేదులే" అంది వదిన. "షాపుకెళ్ళి ఇంకోటి పట్రా."

ముందు నాలుగు ఇరుసులూ అదే కట్టర్‌తో తనే కత్తిరించిన టైలరు, పొట్లం కట్టడానికి కాగితం వెతుక్కున్నాడు.

ఆ ఇద్దరిలాగా, కారు పూర్తయిన రోజే ఊపిరి మెషిన్ ఆపేయండని సంతకం పెట్టింది మీరైతే, ఆ నాలుగో చక్రం బిగిస్తారా?