డీలక్స్ కాదప్పా

"ఆ బొక్కలు మూసేస్తా ఉండావా?"

పురుషోత్తమ్ కారు నేలకు వేస్తున్న వెల్డింగ్ ఆపి, లోంచి తల బయటికి పెట్టాడు.

షెడ్డు ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చంకలో గుడ్డసంచి. నాలుగడుగులు నడిచినందుకే ఆయాసపడుతున్నాడు.

"అవును తాతా. తుప్పు తినేసినాది."

"తుప్పు కాదప్పా. అంచు చూడు, ఎంత గుండ్రంగా ఉండాదో. మిషన్‌తో వేసిన బొక్కలు అవి. ఎడమపక్క ముందు సీటు తీసి, పేషెంటును పండబెట్టే బల్లను ఆ బొక్కల్లో బిగించేది."

పురుషోత్తమ్‌కు నవ్వొచ్చింది. ఆండర్సన్‌పేటలో, పాత బంగారు గనుల పక్కన, షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు. పాత ఇంగ్లీషు కార్లకు మళ్లీ ప్రాణం పోస్తాడని బెంగళూరు దాకా పేరుంది. ఈ కారు అక్కడి గిరీశ్ అనే ఇంజనీరుది. వచ్చే నెల పాత కార్ల ప్రదర్శనలో దాన్ని నిలబెట్టాలి.

"ఇది డీలక్స్ మాడలు తాతా. ఇంజను పక్క కంపెనీ ప్లేటు మీద D అని ఉండాది. డీలక్స్‌కు ముందర రెండు సీట్లు, రేడియో, పక్కల మెరిసే పట్టీలు. అన్నీ తెప్పించినాను."

"ఆ D ముందర ఏముండాది?"

"నాలుగు."

"నాలుగు డోర్లు అని దానర్థం. దానికీ ముందర S ఉండాది కదా? స్పెషలు. ఆర్డరిచ్చి చేయించుకున్న బండి. ఏం మాడలో, దాంట్లో ఏమేం అడిగి పెట్టించుకున్నారో తెలుసుకోకుండా చెయ్యి పెడితే ఇంగ సరిచేసేకి కాదప్పా."

"రాబర్ట్‌సన్‌పేట షెడ్డువాళ్లు నా పని చెడగొట్టమని పంపినారా నిన్ను?"

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"నన్నెవరూ పంపలేదు."

మరుసటి రోజు మళ్లీ వచ్చాడు.

"పైన ఆ కొక్కెం తీయొద్దప్పా. గ్లూకోజు బాటిలు తగిలించేది అది."

పురుషోత్తమ్ ఆయన చూస్తుండగానే కొక్కెం ఊడబీకి, పాత ఇనుము కుప్పలోకి విసిరాడు. డిక్కీలో దొరికిన పొడుగాటి బల్ల, దాని ఇనుప పట్టాలు అప్పటికే అక్కడ పడున్నాయి.

మూడో రోజు ఆ కుప్పను ఎత్తుకుపోవడానికి టెంపో వచ్చింది. ముసలాయన ఆ బల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇదొక్కటి దాచిపెట్టుకో నాయనా. నీకే పనికొస్తాది."

"అంత ఆశగా ఉంటే నీ ఇంటికి ఎత్తుకొని పో!"

"నాకెందుకప్పా? ఇది బండితో ఉండాల."

పనివాళ్లు నవ్వారు. పురుషోత్తమ్‌కు రోషం వచ్చింది. ముసలాయన చేతులు విడిపించి, బల్లను తానే టెంపోలోకి ఎత్తేశాడు.

టెంపో సందు మలుపు తిరిగేదాకా ముసలాయన కదల్లేదు. తర్వాత చెంబెడు నీళ్లు అడిగి తాగాడు.

"నా పేరు సొన్నప్ప. కోరమండల్‌లో గని కార్మికుల ఇండ్ల లైన్లలో ఉంటాను. ఏమన్నా అడగాలంటే రా."

నాలుగో రోజు రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు పురుషోత్తమ్.

మూడు వారాలకు కారు తళతళలాడింది. గిరీశ్ వచ్చాడు. వెంట శశి అనే ఆయన. ప్రదర్శనకు వచ్చే కార్లను పరీక్ష చేసేది ఆయనే.

శశి రంగు చూడలేదు, పట్టీలూ చూడలేదు. ముందు ప్లేటు చదివాడు. సెల్‌లో ఏదో పాత జాబితా తెరిచి పక్కన పెట్టుకుని, మళ్లీ చదివాడు.

"ఇది స్పెషలు. మైన్ హాస్పిటల్ కోసం చేయించిన బండి. ఇట్లాంటిది ఇంకొకటి నేను చూసిందే లేదు. బల్ల యాడుండాది?"

పురుషోత్తమ్ పాత ఇనుము కుప్ప ఉండిన మూలకేసి చూశాడు.

శశి మోకాళ్ల మీద వంగి, కారు నేల మీద వెల్డింగ్ చేసిన చోట్లను వేలితో తడిమాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ప్రాణాలు మోసిన బండిని పెళ్లి ఊరేగింపు బండి చేసినారు కదప్పా!"

గిరీశ్ కోప్పడలేదు. "ఎవరినన్నా ఒక మాట అడిగింటే బాగుండు" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది పురుషోత్తమ్‌కు.

"ఆ బల్ల మళ్లీ చేసేకి కాదా సార్?"

"కొలతలు తెలిసినవాళ్లు ఎవరైనా బతికి ఉంటే చూడండి" అన్నాడు శశి.

పురుషోత్తమ్ పాత ఇనుము అంగడికి పరిగెత్తాడు.

"అది ఫర్నేసుకు పోయి పదైదు దినాలాయె అన్నా" అన్నాడు అంగడాయన.

అక్కణ్నించి నేరుగా కోరమండల్‌కు బండి తిప్పాడు. లైన్లలో ముగ్గురిని అడిగితే సొన్నప్ప ఇల్లు చూపించారు.

రేకుల తలుపు తీసిన ముసలామె వెనక, గోడ దగ్గర సొన్నప్ప పటం. పటానికి పూలదండ.

పురుషోత్తమ్ గుమ్మం పట్టుకున్నాడు.

"ఆయన పోయి నిన్నటికి పదకొండు దినాలప్పా" అంది ఆమె. "గుండె ముందే బాగలేదు. యాడికీ పోవద్దంటే వినలేదు. మూడు దినాలు వరసగా యాడికో పోయొచ్చి పండుకున్నాడు. వారం దినాలు మంచంలోనే, మళ్లీ లేయలేదు."

"అమ్మా, ఆయన మా షెడ్డుకే వచ్చినాడు."

ఆమె కళ్లు చికిలించి చూసింది.

"నువ్వు గని షాఫ్ట్‌లో పనిచేసిన ఓబలప్ప కొడుకువా?"

"అవునమ్మా. ఆ కారు గురించి తాతకు అంతా ఎట్లా తెలుసు?"

"తెలియకుండా ఎట్లా ఉంటాదప్పా? హాస్పిటల్లో దాని డ్రైవరు ఆయనే. మైను మూసినాక వేలంలో పాడుకొని తెచ్చుకున్నాడు. ఈ లైన్లలో ఎవురికి నొప్పి వచ్చినా దాంట్లోనే పండబెట్టుకొని పోయినాడు."

"అది మీ బండా? మరి నాకొక్క మాట చెప్పలేదే!"

"అమ్మినాక నాదని చెప్పుకుంటే మర్యాద కాదంటా ఉండె."

పురుషోత్తమ్ పటం వైపు చూశాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

పక్కింటావిడ "పిల్లమ్మా!" అని పిలిస్తే, ఉండమని చేయి ఊపి, ముసలామె అతని పక్కన మెల్లగా కూర్చుంది.

"కొనేకి వచ్చిన బ్రోకరుకి ఒకే ఒక షరతు పెట్టినాడప్పా, పాత బండికి ప్రాణం పోసేది ఓబలప్ప కొడుకే, వాని చేతికి తప్ప ఇంగెవరి చేతికీ రిపేరుకు ఇయ్యొద్దని."