చేసినవాడి గడ్డం

మంగలి చెంగయ్య కత్తిని ముగించాలంటే కమ్మరి కామాక్షయ్యకు చేతులు రావడం లేదు.

ఇనుము అరగదీసే పాత ఉక్కు ఆకురాయిని కొలిమిలో కాల్చి సాగగొట్టాడు. నూనెలో ముంచి పదును పెట్టాడు. ఇనుములో లోపం ఉందని తనే విరగ్గొట్టి ఇంకో ఆకురాయి అందుకున్నాడు. రెండోది మొదటిదానికన్నా బాగా కుదిరింది. అదీ అతని ఖర్మ.

జాలర్ల ఊరైన ఆ పట్టపుపల్లెలో మంగలికత్తికి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కత్తి మొదట గీయాల్సింది దాన్ని చేసిన కమ్మరి గడ్డాన్నే. అదీ పడవలు ఒడ్డుకు చేరే వేళ, నలుగురి ఎదుట. కమ్మరి మంగలి ముందు పీట ఎక్కకపోతే ఆ కత్తి కింద ఇంకెవరూ మెడ పెట్టరు.

నయాపైసలు వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలంలో చెంగయ్య మంచం పట్టాడు. లేచేసరికి పాత కత్తి ఉప్పుగాలికి తుప్పు పట్టింది. ఊరి గడ్డాలన్నీ ముత్తుకూరు దారి పట్టాయి. ఇప్పుడు కూడా పీట మీదికి ఎవరూ రాకపోతే పెళ్ళాం బిడ్డలతో ఊరు వదలాల్సిందే.

చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్న స్నేహితుడు. అయినా అతను మంచంలో ఉన్నన్నాళ్ళూ కామాక్షయ్య ఆ గడప తొక్కలేదు. ముత్తుకూరు వెళ్ళి గడ్డం గీయించుకున్న మొదటివాడూ తనే. ఆ సంగతి చెంగయ్యకు తెలియకుండా ఉంటుందా?

కొత్త కత్తి చెయ్యమని చెప్పడానికి ఆ రోజు చెంగయ్యా పెళ్ళామూ ఇద్దరూ వచ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి వెనక నడుస్తారు. పేరమ్మ మాత్రం ముందు నడిచింది. నోరున్న మనిషి మరి.

"నా చేతికి సరిపోను చెయ్యి ఆచారీ," అన్నాడు చెంగయ్య. "మొన గుండ్రంగా ఉండాల. పిడి మీద బొటనేలు ఆనేకాడ మూడు గాట్లు పెట్టు."

కామాక్షయ్య మొహం చూడలేదు. కొలిమి వైపే తిరిగి మాట్లాడాడు.

"ఇన్నేళ్ళూ లేని గాట్లు ఇప్పుడెందుకు?"

"అడిగినట్టు చెయ్యరాదా?" అంది పేరమ్మ.

కత్తి సానరాయి దిగిన రోజు కామాక్షయ్య భార్యతో నసిగాడు. "కత్తి ఇచ్చేసి నాలుగు రోజులు నెల్లూరు పోయొస్తానే."

"పలకరించను పోకపోతివి. ఇప్పుడు పీట కూడా ఎక్కకపోతే వాళ్ళు యాడికి పోతారు?"

"మరి నా మెడ?"

ఆమె తువ్వాలు తెచ్చి చేతికిచ్చింది.

ఒడ్డున జనం మూగారు. జాలరి మాల్యాద్రి వల పక్కన పడేసి మరీ వచ్చాడు. చెంగయ్య కొత్త కత్తిని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. ఖంగుమంది. బొటనవేలు గాట్ల మీద ఆనించి తలూపాడు.

కామాక్షయ్య పీట మీద కూర్చున్నాడు. చెంగయ్య తడి చెయ్యి అతని మొహం మీద, దవడల మీద, మెడ మీద తీరిగ్గా తిరిగింది.

"మంచంలో ఉన్నప్పుడు నీ అడుగుల చప్పుడు కోసం చెవులు పెట్టుకోనుంటి ఆచారీ."

కత్తి గొంతు మీదికి వచ్చింది. లేద్దామంటే ఊరంతా చూస్తోంది. కదులుదామంటే కత్తి ఉంది.

"భయమేసింది చెంగయ్యా."

"తెలుసులే. గుటక మింగబాక."

పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కత్తి గొంతుముడి దాటింది. గడ్డం కిందికి, అక్కడి నుంచి రెండో చెంపకు చేరింది. తువ్వాలు మొహం తుడిచింది.

కామాక్షయ్య మెడ తడుముకుని అరచెయ్యి చూసుకున్నాడు. నెత్తురు లేదు. అప్పుడు వచ్చింది అతనికి ఏడుపు, భయంతో కాదు, సిగ్గుతో. లేచి పక్కకు తప్పుకున్నాడు.

తర్వాత మాల్యాద్రి తలగుడ్డ విప్పి, గమ్మున వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఎవురది, కూర్చునింది?" అని అడిగాడు చెంగయ్య, అమ్మవారు పోసి చూపు పోయిన రెండు కళ్ళనూ సముద్రం వైపు ఉంచి, ఎదురుగా ఉన్న మొహం కోసం చేత్తో వెతుక్కుంటూ.